ఫినీషియా కుండపెంకుల సాక్ష్యము

కుండ పగిలిన పిమ్మట దానికి ఇంటిలో చోటు లేదు. పెంకులను దిబ్బమీద పారవేసి మరచిపోవుదుము. గుడ్డ చివుకును; కఱ్ఱను చెదలు తినును; తాటాకు పొడియగును; ఇత్తడి, వెండి వస్తువులు విఱిగినచో కరగించి మరల పోతపోయుదురు. చిల్లపెంకును మాత్రము ఎవరును ఆశింపరు. అది కుళ్లదు, తుప్పుపట్టదు, దొంగలపాలు కాదు. పారవేసిన చోటనే వేలకొలది సంవత్సరములు పడియుండును. ఈ కారణముచేతనే ప్రాచీన జనుల బ్రతుకు తెరువును గూర్చి విచారించు శాస్త్రజ్ఞులకు కుండపెంకు రాజకిరీటములకంటె విలువైన సాక్షి యైనది. ఆ సాక్షిని ప్రశ్నించు విధము నేర్చుకొనుటకు మాత్రము మానవునకు చిరకాలము పట్టినది.

ఈ ప్రసంగమున మనము వినబోవు సాక్ష్యము ఫినీషియనులను గూర్చినది. మధ్యధరా సముద్రపు తూర్పు గట్టున, నేటి లెబనాను దేశములో, కొండకును కడలికిని నడుమ సన్నని పట్టీవంటి నేల కలదు. అచ్చట టైర్, సీదోను, బిబ్లోస్, సారెప్తా మొదలగు రేవుపట్టణము లుండెను. బైబిలు చదివినవారికి టైర్ ‘తూరు’గను, సారెప్తా ‘సారెపతు’గను పరిచితములే. క్రీ. పూ. 1200 ప్రాంతము నుండి, 332లో అలెగ్జాండరు టైర్ నగరమును పట్టుకొను వఱకు, ఈ పట్టణముల నావికులు సముద్రమంతటను తమ ఓడలను నడపిరి. దేవదారు కలపను, ఊదారంగు వస్త్రములను, గాజు సామగ్రిని, దంతపు పనితనమును దేశదేశములకు చేర్చిరి. ఆఫ్రికా ఉత్తరతీరమున కార్తేజి మహానగరము వారి వలసయే. సిసిలీ, సార్డీనియా, స్పెయిన్ తీరములందును వారి స్థావరము లుండెను.

ఇరువదిరెండక్షరముల సులభమైన లిపిని గ్రీకులకు నేర్పినవారును వీరే. కాని విధివిలాస మెట్టిదో చూడుడు. ఇతరులకు అక్షరభిక్ష పెట్టిన ఈ జనుల సొంత గ్రంథములు దాదాపుగా ఒక్కటియు మిగులలేదు. వారు పపైరస్ పత్రములపై వ్రాసిరి. తీరభూముల తేమకు అవి చివికిపోయినవి. రాళ్లపై చెక్కించిన కొద్దిపాటి శాసనములు తప్ప వారి నోటిమాట మనకు దక్కలేదు. మనకు దక్కినదెల్ల ఇతరులు వారిని గూర్చి పలికిన మాట. హోమరు కావ్యమున వారు జిత్తులమారి వర్తకులు. హెబ్రీ ప్రవక్తల దృష్టిలో వారు సంపద్గర్వితులు. క్రీ. పూ. 146లో కార్తేజిని నేలమట్టము చేసిన రోమనులకు వారు మాట నిలుపనివారు. ఇది ప్రతివాది లేకుండ, వాదుల మాట మాత్రమే విని చెప్పిన తీర్పువంటిది. ప్రతివాది పక్షమున పలుకుటకు మిగిలినది కుండపెంకు ఒక్కటే.

అది పలుకవలసిన ప్రశ్నలు నాలుగు. ఈ పాత్ర ఎక్కడ పుట్టినది? ఎట్లు చేయబడినది? ఇందులో ఏమి పోసిరి? ఇది ఎంతదూరము పయనించినది? ఇరువదవ శతాబ్ది నడిమి వఱకు పండితులు ఈ ప్రశ్నలకు కంటిచూపు సాయముననే బదులు చెప్పుచుండిరి. పాత్ర ఆకారము, మూతి తీరు, పూత రంగు, గీసిన గీతలు చూచి ఇది ఫలానివారి పని యని నిర్ణయించెడివారు. ఈ పద్ధతి తీసివేయదగినది కాదు. పాత్రల కాలక్రమము చాలవఱకు దీనివలననే తెలిసినది. 1973, 74 సంవత్సరములలో పట్రీషియా బికై టైర్ నగరమున త్రవ్వించి, పొరపొరలో దొరకిన పెంకులను వరుసపెట్టి 1978లో ప్రకటించిన గ్రంథము నేటికిని ఆధారగ్రంథమే. కాని ఆకారమును అనుకరింపవచ్చును. ఒక ఊరి కుమ్మరి చేసిన కూజాను చూచి పొరుగూరి కుమ్మరి అట్టిదే చేయవచ్చును. అనుకరింపరానిది ఒక్కటే, కాళ్లక్రింది మన్ను.

కుమ్మరి పనిని ఎఱిగినవారికి ఈ మాట సులభముగా బోధపడును. చెఱువు మన్ను ఒక తీరు, ఏటిగట్టు మన్ను వేఱొక తీరు. ఉత్త బంకమన్ను ఎండునపుడు బీటలువారును గనుక, కుమ్మరి దానిలో ఇసుకయో, బూడిదయో, నలిచిన పెంకుపొడియో కలిపి త్రొక్కును. ఆ ఇసుక సాధారణముగా దగ్గఱలో దొరకు ఇసుకయే. కాబట్టి ప్రతి కుండయు తాను పుట్టిన నేల ఆనవాళ్లను తన గోడలోనే దాచుకొని యుండును. ఆవములో కాల్చినను ఆ ఆనవాళ్లు పూర్తిగా చెరగవు.

వానిని చదువు మొదటి ఉపాయము భూగర్భశాస్త్రజ్ఞుల నుండి వచ్చినది. పెంకు నుండి ఒక చిన్న పలకను కోసి, గాజుపై అంటించి, దాని మందము మిల్లీమీటరులో నూటికి మూడు వంతులకు దిగు వఱకు అరుగదీయుదురు. అప్పుడు ఱాయివంటి పెంకు వెలుతురును లోపలినుండి పోనిచ్చును. ధ్రువీకృత కాంతిలో సూక్ష్మదర్శినితో చూచినచో దానిలోని ఒక్కొక్క ఖనిజపు రేణువు తనకు సహజమైన రంగుతో వెలుగును. ఫినీషియా తీరమున ఈ పరీక్ష మిక్కిలి పనికివచ్చినది. నైలునది సముద్రములోనికి తెచ్చిపోయు క్వార్ట్జ్ ఇసుకను ప్రవాహములు తూర్పుతీరము వెంబడి ఉత్తరమునకు నెట్టుకొనిపోవును. హైఫా అఖాతము దాటిన పిమ్మట ఆ ఇసుక అరుదగును. లెబనాను తీరపు ఇసుకలో సున్నపురాతి రేణువులు, గవ్వల తునుకలు, సముద్రపు నాచు శిలాజములు మెండు. ఎదుటనున్న సైప్రస్ ద్వీపమున త్రోడోస్ పర్వతముల అగ్నిశిలల రేణువులు కానవచ్చును. ఇట్లు మూడు తావుల ఇసుక మూడు వేర్వేరు చేవ్రాళ్ల వంటిది.

అన్నివేళల ఇసుకరేణువులు కనబడవు. మేలురకపు పాత్రలకు మన్నును నీటిలో కలిపి తేర్చి, నలుసులు లేకుండ చేయుదురు. అట్టి పెంకును సూక్ష్మదర్శిని క్రింద నుంచినను చెప్పుటకు దానికి ఏమియు ఉండదు. అచ్చట రెండవ ఉపాయము కావలసివచ్చినది. అది అణుశాస్త్రము నుండి వచ్చినది. అణువు పేరు వినగానే బాంబు స్ఫురించుట సహజము. కాని ఆ బాంబు నిర్మాణమునకు నాయకత్వము వహించిన రాబర్ట్ ఓపెన్‌హైమరే, యుద్ధానంతరము, అణుపరిశోధన పద్ధతులను పురావస్తువులపై ప్రయోగించి చూడుడని రసాయనశాస్త్రజ్ఞులను ప్రోత్సహించెను. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఎడ్వర్డ్ సేర్, రిచర్డ్ డాడ్సన్ అను వారు మధ్యధరా ప్రాంతపు కుండపెంకులను అట్లు పరీక్షించి 1957లో ఫలితములను ప్రకటించిరి.

ఆ పద్ధతి యిది. పెంకునుండి చిటికెడు పొడి తీసి అణురియాక్టరులో నుంచుదురు. న్యూట్రానులు తాకినపుడు పొడిలోని మూలకముల కేంద్రకములు వానిని పట్టుకొని రేడియోధార్మికములగును. పిమ్మట ఒక్కొక్క మూలకము తనదైన శక్తి గల గామా కిరణములను వెలువరించును. ఆ కిరణములను కొలిచినచో స్కాండియము, సీజియము, లాంథనము, హాఫ్నియము, థోరియము వంటి మూలకములు పదిలక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు కలవో తెలియును. ఇంత స్వల్పముగా నుండు పదార్థములను ఏ కుమ్మరియు తెలిసి కలుపలేడు, తెలిసి తీసివేయలేడు. ఒక తావు మన్నులో వాని పాళ్లు దాదాపు ఒకేతీరుగ నుండును. వేఱొక తావున వేఱుగ నుండును. వ్రేలిముద్రవలె దీనిని పోల్చి చూడవచ్చును.

ఈ రెండు పరీక్షలును ఏమి సాధించినవో తెలుపుటకు ఒక ఉదాహరణము చాలును. తూర్పు మధ్యధరా తీరములందు త్రవ్వకములు జరిగిన పెక్కుచోట్ల చిన్న చిన్న ఎఱ్ఱని కూజాలు దొరకినవి. నునుపైన ఎఱ్ఱపూతపై నల్లని సన్నగీతలతో ఒకదానిలో నొకటిగా వలయములు గీయబడి యుండును. సుగంధతైలము పోసి అమ్మినవని తలంపదగిన పరిమాణము. చూచుటకు ముద్దుగా నుండు ఈ కూజాలకు పండితులు ‘సైప్రో-ఫినీషియన్’ అని పేరిడిరి. ఫినీషియనులు ప్రసిద్ధ వర్తకులు గనుక ఈ కూజాలను చేసినవారును వారే యని పెక్కుమంది భావించిరి. ఆ భావన తరతరములు పుస్తకములలో సాగినది. తుదకు మన్నును ప్రశ్నించిరి. వీనిలో అత్యధికభాగము సైప్రస్ మన్నుతో చేసినవని తేలినది. నికోలా ష్రైబర్ 2003లో ప్రకటించిన గ్రంథమున ఈ సాక్ష్యములన్నియు సమకూర్చి, ఆ కళ సైప్రస్ ద్వీపపు కుమ్మరులదే యని నిరూపించెను. పేరు మాత్రము పాతదియే నిలిచినది. ఫినీషియనులకు అపకీర్తియే కాదు, ఇట్లు పరుల కీర్తియు అంటగట్టబడెను. మన్ను రెంటిని సమముగా సరిదిద్దినది.

అట్లయిన ఫినీషియనుల సొంత కుమ్మరము ఎట్టిది? దీనికి మేలైన సమాధానము సారెప్తా ఇచ్చినది. పిండితొట్టి తఱుగక, నూనెబుడ్డి యెండక యుండిన పేద విధవరాలి కథ బైబిలులో చదివినవారికి ఆ ఊరు గుర్తుండును. ఏలీయా ప్రవక్తకు ఆతిథ్య మిచ్చిన ఆ స్త్రీ సారెప్తా నివాసినియే. 1969 మొదలు 1974 వఱకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము వారి పక్షమున జేమ్స్ ప్రిచర్డ్ అచ్చట త్రవ్వించినపుడు ఒక కుమ్మరవాడయే బయటపడెను. ఇరువదికి పైగా ఆవములు అచ్చట కనబడినవి. అన్నియు ఒకనాటివి కావు. ఒకటి శిథిలమైన చోటనే మఱియొకటి కట్టుచు శతాబ్దుల తరబడి ఆ వాడలో అదే వృత్తి సాగినది.

ఆ ఆవముల కట్టడి గమనింపదగినది. క్రింది అర నిప్పునకు, పై అర పాత్రలకు. క్రింది అరను నడుమ ఒక గోడతో రెండుపాయలుగా చీల్చి, ఆ గోడపై నడుమనున్న తట్టును నిలిపిరి. మంట నేరుగా పాత్రలకు తగులక, వేడిమి మాత్రము రంధ్రముల గుండ పైకి పోవును. ఇట్టి నేర్పు వారికి అత్యవసరము. వారి మన్నులో సున్నము మెండు. ఆవపు వేడి 750 డిగ్రీలు మించి పోయినచో మన్నులోని సున్నపురాతి నలుసులు కాలి సున్నమగును. చల్లారిన పిమ్మట ఆ సున్నము గాలిలోని తేమను పీల్చి ఉబ్బి పాత్రను లోపలినుండి పగులగొట్టును. తమలపాకులకు సున్నము తడిపినవారందఱును ఈ ఉబ్బును చూచినవారే. వేడి తక్కువైనచో కుండ పచ్చిగా నుండును, ఎక్కువైనచో పగులును. ఉష్ణమాపకము లేని ఆ కాలమున కుమ్మరి మంటరంగును చూచియే ఆ ఇరుకుదారిని నడచెను.

సారెప్తా పెంకులు మఱియొక రహస్యమును వెల్లడించినవి. క్రీ. పూ. 13వ శతాబ్దినాటి కొన్ని జాడీల పెంకుల లోపలివైపు ఊదారంగు మరక అంటియుండెను. 1980 తరువాతి సంవత్సరములలో పాట్రిక్ మెక్‌గవర్న్, రుడాల్ఫ్ మైఖేల్ అను శాస్త్రజ్ఞులు ఆ మరకను పరీక్షించి, అందు బ్రోమిను గల రంజనద్రవ్యము కలదని కనుగొనిరి. అది మ్యూరెక్స్ జాతి సముద్రపు నత్తలనుండి వచ్చు రంగు. రాజులు ధరించిన ఊదావస్త్రము ఫినీషియనుల సొత్తని గ్రంథములు చెప్పుచుండెను. రంగు తీసిన జాడీ పెంకే ఇప్పుడు ఆ మాటకు తోడు నిలిచినది.

ఊదారంగు వస్త్రము రాజుల కొఱకు. కాని ఓడల కడుపు నింపినది మాత్రము అంతకంటె సామాన్యమైన సరకు, ద్రాక్షాసవము. సీదోనునకు దక్షిణముగా, సారెప్తాకు చేరువలో, తెల్ ఎల్-బురాక్ అను పాటిదిబ్బ కలదు. ‘తెల్’ అనగా ఆ దేశభాషలో పాటిదిబ్బయే. 2001 నుండి అచ్చట లెబనాను, జర్మను పండితులు కలసి త్రవ్వకములు సాగించిరి. క్రీ. పూ. 7వ శతాబ్దినాటి ద్రాక్షగానుగ ఒకటి దొరకినది. పండ్లను కాళ్లతో త్రొక్కు గచ్చుతొట్టి, రసము కాలువగా పారి చేరు పెద్దకుండము అందు కలవు. ఆ కుండమున సుమారు 4,500 లీటర్ల రసము పట్టును. దాని గచ్చును పరీక్షించి 2020లో ఫలితములు ప్రకటించిరి. సున్నములో పగిలిన కుండల పెంకులను నలిచి కలిపినందున ఆ గచ్చు నీటికి చెడక, గట్టిగా నిలిచినది. పగిలిన జాడీ వృథా కాలేదు. తరువాతి సంవత్సరపు జాడీలను నింపు తొట్టికే అది పూతయైనది.

ఆ ఆసవము ఎట్లు పయనించినది? రెండు చెవులు, కోసుగా తేలిన భుజము, కోలగా దిగు అడుగు గల జాడీలలో పోసి ఓడల కెక్కించిరి. 1997లో ఒక జలాంతర్గామి అష్కెలోను తీరమునకు పడమరగా సముద్రపు అడుగును వెదకుచుండగా జాడీల గుట్టలు కనబడినవి. 1999లో రాబర్ట్ బాలర్డ్, లారెన్స్ స్టేగర్ అను వారు దూరమునుండి నడపు యంత్రమును సుమారు 400 మీటర్ల లోతునకు దింపి వానిని పరిశీలించిరి. బాలర్డ్ 1985లో టైటానిక్ ఓడను కనుగొన్న బృందమునకు నాయకుడు. కనబడినవి రెండు ఫినీషియను ఓడలు, క్రీ. పూ. 8వ శతాబ్దివి. వానికి ‘తనిత్’, ‘ఎలిస్సా’ అని పేర్లు పెట్టిరి. కఱ్ఱభాగమును సముద్రపు పురుగులు తినివేసినను జాడీలు ఓడ ఆకారముననే పేర్చినవి పేర్చినట్లు నిలిచినవి. ఒక్కొక్కదానిపై కంటికి కనబడునవియే సుమారు నాలుగువందలు.

పైకి తీసిన జాడీలను పరీక్షింపగా మూడు సంగతులు తేలినవి. లోపలివైపు, పానీయము ఊరి పోకుండ, చెట్టుబంక పూయబడి యుండెను. ఆ పూతలో ద్రాక్షకు గుర్తైన టార్టారిక్ ఆమ్లము దొరకినది. మన్ను లెబనాను తీరమునకు చెందినది. మఱియొక విశేషము కొలతలో కలదు. జాడీలన్నియు దాదాపు ఒకే యెత్తు, ఒకే వెడల్పు. ఒక్కొక్కదానిలో సుమారు 18 లీటర్లు పట్టును. పైకి కనబడిన జాడీలనే లెక్కించినను ఒక్కొక్క ఓడలో ఏడువేల లీటర్ల ఆసవము బయలుదేరినదన్నమాట. చేతితో, సారెపై, తూనిక యంత్రములు లేక చేసిన వందల జాడీలకు ఒకే కొలత కుదురుట యాదృచ్ఛికము కాదు. దూరదేశమున కొనువాడు మూత విప్పి కొలువనక్కఱలేదు. జాడీలను లెక్కపెట్టినచో చాలును. మాట నిలుపనివారని రోమనులు నిందించిన ఈ జనుల వర్తకము జాడీకొలతపై నమ్మకముతో నడచినది.

ఈ వర్తకము ఎందాక పోయినదో తెలుపుటకు వ్రాతసాక్ష్యమును కొంత కలదు. క్రీ. పూ. 475వ సంవత్సరమున ఈజిప్టు రేవులో వసూలైన సుంకముల పట్టికయొకటి ఎలిఫెంటైన్ ద్వీపమున దొరకినది. ఆ పపైరస్‌పై తొలివ్రాతను తుడిచివేసి పైన వేఱొక కథను వ్రాసికొనిరి. అడుగున మిగిలిన మసకయక్షరములను చదువగా సీదోను ద్రాక్షాసవము పేరు అందు కనబడినది. గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ మఱియొక వింత చెప్పెను. గ్రీసునుండియు ఫినీషియానుండియు ఏటేట ఆసవపు జాడీలు ఈజిప్టునకు దిగుచున్నను, ఖాళీ జాడీ యొక్కటియు అచ్చట కనబడదట. ఊరి పెద్దలు వానిని ప్రోగుచేసి మెంఫిస్ నగరమునకు పంపుదురనియు, అచ్చట నీరు నింపి సిరియా ఎడారి దారికి చేర్చుదురనియు ఆయన వివరించెను. ఖాళీ డబ్బాను పారవేయని గృహిణులకు ఈ సంగతి ఆశ్చర్యము కలిగింపదు.

ఇక పడమటి దిక్కునకు పోవుదము. స్పెయిన్ దక్షిణతీరమున, మాలగా పట్టణము చేరువ, సెర్రో దెల్ విల్యార్ అను ఫినీషియను స్థావరము కలదు. అచ్చటి జాడీలు రూపమున తూర్పుదేశపు జాడీలకు దాయాదులు. ఆకారమును మాత్రము చూచువాడు ఇవి ఓడలపై తూర్పునుండి వచ్చినవని తలంపవచ్చును. పలుచని ముక్కను సూక్ష్మదర్శిని క్రింద నుంచగా అభ్రకము మెఱయు షిస్టు శిలల రేణువులు కనబడినవి. ఆ శిలలు మాలగా వెనుకనున్న కొండలవి. అనగా పడమటికి ప్రయాణమైనది జాడీ మాత్రమే కాదు, జాడీ చేయు చేయియు. వలసపోయిన కుమ్మరి క్రొత్తమన్నును త్రొక్కి పాతరూపమును నిలబెట్టెను. అదే మన్నుతో చేసిన జాడీలు స్పెయిన్ తూర్పుతీరమునను, ఇబీసా ద్వీపమునను దొరకినవి. ఒకనాడు తూర్పు సరకును కొనిన వలస, తరువాత తానే సరకును పంపు కేంద్రమైనది. ఈ మార్పును ఏ చరిత్రకారుడును వ్రాసిపెట్టలేదు, ఇసుకరేణువులు చెప్పినవి.

మన దేశమునకు తగులు సంగతి యొకటి కలదు. క్రీ. పూ. 11, 10 శతాబ్దుల నాటి చిన్న ఫినీషియను బుడ్లను ఇరువదియేడింటిని కొందఱు పండితులు పరీక్షించి 2013లో ఫలితములు ప్రకటించిరి. మందమైన గోడలు, ఇరుకైన మూతి గల ఆ బుడ్లు విలువైన ద్రవమును కొద్దికొద్దిగా పోయుటకు తగినవి. వానిలో పదింట, మన్నులో ఇంకిన పదార్థమున, సిన్నమాల్డిహైడ్ కనబడినది. దాల్చినచెక్కకు ఆ సువాసన నిచ్చు ద్రవ్యమదియే. దాల్చినజాతి చెట్లు లెబనాను ప్రాంతమున పెరుగవు. పశ్చిమకనుమలు, సింహళము మొదలుకొని తూర్పున చీనా వఱకు గల దేశములు వాని పుట్టినిండ్లు. అంతకు పూర్వమే, క్రీ. పూ. 1213లో మరణించిన ఈజిప్టు చక్రవర్తి రెండవ రామ్సేసు కళేబరపు ముక్కుపుటములలో మిరియపు గింజలు దొరకినవి. మిరియము దక్షిణభారతపు పంట. కావున సుగంధద్రవ్యములు ఆ కాలముననే పడమటికి నడచెనని తలంచుట నిరాధారము కాదు. కాని ఒక్క రసాయనద్రవ్యమును చూచి మన ఓడలు టైర్ రేవున లంగరు వేసినవని చెప్పుట సాహసము. చేతులు మారి మారి, ఎడారులు దాటి పోయి యుండవచ్చును. దానిని పరిశీలించిన పండితులే దీనిని ‘సంభవము’ అనిరి గాని ‘నిశ్చయము’ అనలేదు.

ఈ జాగ్రత్త ప్రతి పరీక్షకును అవసరము. మన్ను తాను పుట్టినచోటును చెప్పును. తన్ను మోసినవాని పేరు చెప్పదు. సీదోను జాడీ గ్రీకుల ఓడనెక్కి పోయి యుండవచ్చును. ఒకసారి ఆసవము మోసిన జాడీ మఱుసారి నీరు మోయునని హెరోడొటసే చెప్పెను గదా! మఱియు వ్రేలిముద్రను గుర్తించుటకు పోల్చిచూడదగిన మొదటిముద్ర యుండవలెను. సారెప్తా త్రవ్వకములు 1974లో ముగిసినవి; మఱుసటి యేడే లెబనానులో అంతర్యుద్ధము చెలరేగి 1990 వఱకు సాగినది. ఆ పదునైదేండ్లు స్వదేశమున పార మోపువారు లేకపోయిరి. ఫినీషియను పాత్రలను గూర్చి ఫినీషియాలోకంటె సైప్రస్‌లోను, స్పెయిన్‌లోను ఎక్కువ తెలిసికొనవలసిన వింత సంభవించినది. యుద్ధానంతరము బేరూతు, సీదోను, టైర్, తెల్ ఎల్-బురాక్ త్రవ్వకములు ఆ లోపమును కొంతకొంతగా పూరించినవి.

పరీక్షకు లొంగనిది మఱియొకటి కలదు. దొంగచాటున త్రవ్వి అంగట నమ్మిన పాత్ర ఎంత అందమైనదైనను సగము మూగయే. దాని మన్ను పుట్టినచోటును చెప్పగలదు. అది చేరినచోటు, దానితోపాటు పొరలో నున్న వస్తువులు, దాని కాలము ఎవరును చెప్పలేరు. వర్తకమనగా పుట్టినచోటికిని చేరినచోటికిని నడుమ దూరమే గదా. రెండవ కొన తెగినపిమ్మట మొదటి కొనను పట్టుకొని ఏమి లాభము? అందుచేత పండితులు పలకరించునది అద్దపు బీరువాలోని నిండుకూజాను కాదు, పొరసంఖ్య వ్రాసి సంచిలో వేసిన చిల్లపెంకును.

ఆ పెంకులు చెప్పిన దానిని కూడదీసి చూచినచో ఫినీషియనులు హోమరు చెప్పిన జిత్తులమారులుగా కనబడరు. సకలకళలకును మూలపురుషులుగాను కనబడరు. సున్నపుమన్నుతో పోరాడి ఆవపు మంటను అదుపులో నుంచిన సారెప్తా కుమ్మరి కనబడును. పదునెనిమిది లీటర్ల కొలతను చేతి అలవాటుగా చేసికొన్న సారెపనివాడు కనబడును. పగిలిన జాడీని నలిచి గచ్చులో కలిపిన తాపీవాడు, మాలగా కొండమన్నుతో తన తాతల జాడీని మరల చేసిన వలసవాడు కనబడుదురు. వీరిలో ఎవరి పేరును మనకు తెలియదు. వీరి పనిని మాత్రము, మూడువేల ఏండ్ల తరువాత, మిల్లీమీటరులో నూటికి మూడువంతుల మందముగల పలకలో స్పష్టముగా చదువగలుగుచున్నాము.